ప్యాకెట్టు దారిలో పోతే పూచీ ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారాన్ని ఎలా ఇచ్చిపుచ్చుకుంటాయన్న విషయం మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే అర్థం వచ్చేవాటిని కలిపి ఒక ప్రశ్నగా మార్చాను. కొన్నింటికి రెండు మూడు వాక్యాల జవాబు సరిపోతుంది, కొన్నింటిని మాత్రం కాస్త ఓపిక పట్టి చదవవలసి ఉంటుంది.

ప్రశ్న: డిగ్రీలో కంప్యూటర్ నెట్‌వర్క్‌లు చదువుతున్నాను. ఏడు పొరల పేర్లు వరుసగా అప్పజెప్పగలను గానీ, ప్రొటోకాల్ అంటే పరికరమో ప్రోగ్రామో కూడా స్పష్టంగా చెప్పలేకపోతున్నాను. వివరించగలరా?

జవాబు: ప్రొటోకాల్ అంటే ఒప్పందం. రెండు యంత్రాలు మాట్లాడుకునేటప్పుడు ఎవరు ముందు పలకాలి, ఏ బైటుకు ఏ అర్థం, జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలి, సంభాషణను ఎలా ముగించాలి అన్న నియమాలన్నీ ముందుగానే ఒక పత్రంలో రాసిపెడతారు. ఆ పత్రాన్ని చదివి ఎవరైనా ప్రోగ్రాము రాసుకోవచ్చు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు వేర్వేరు భాషల్లో రాసిన ప్రోగ్రాములు తొలి పరిచయంలోనే తడబడకుండా మాట్లాడుకోగలుగుతున్నాయంటే, ఇద్దరూ ఒకే పత్రాన్ని పాటించడమే కారణం.

ఇంత పట్టింపు దేనికని అనిపిస్తే ఈ ఉదాహరణ చూడండి. తీగ మీదుగా రెండు బైట్లు వచ్చాయి, మొదటి బైటు విలువ 1, రెండవ దాని విలువ 2. రెండూ కలిసి ఒకే సంఖ్య అని మాత్రం తెలుసు. ముందు వచ్చినది పెద్ద స్థానమనుకుంటే 1ని 256తో గుణించి 2 కలపాలి, అప్పుడు 258 వస్తుంది. ముందు వచ్చినది చిన్న స్థానమనుకుంటే 2ని 256తో గుణించి 1 కలపాలి, అప్పుడు 513 వస్తుంది. నేటి కంప్యూటర్లలో అధికభాగం తమ మెమరీలో ఈ రెండో పద్ధతినే వాడుకుంటాయి. అయినా ఇంటర్నెట్ ప్రొటోకాళ్ల హెడర్లలో (అసలు సరుకుకు ముందు ఉండే చిరునామా వంటి వివరాల భాగంలో) పెద్ద స్థానమే ముందు రావాలని నిర్ణయం జరిగింది కాబట్టి, మీ కంప్యూటరు పంపేటప్పుడు బైట్ల వరుసను తిప్పి పంపుతుంది, అందుకున్నాక మళ్లీ తిప్పుకుంటుంది. రెండు పద్ధతుల్లో ఏది మేలన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఇరువైపులా ఒకటే ఉంటే చాలు.

ఇక పొరల సంగతి, అంటే సమాచారం పంపే పనిని ప్రొటోకాళ్లకు అంచెలుగా పంచిన తీరు. ఏడు పొరల నమూనాను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1984లో ప్రకటించింది. అప్పటికే ఇంటర్నెట్ తన దారిలో నడుస్తోంది, దాని పొరలను సాధారణంగా నాలుగుగానే లెక్కిస్తారు. పరీక్షకు ఏడూ అప్పజెప్పక తప్పదు గానీ, అర్థం కావాలంటే ఒక్కో పొర దగ్గర ఆగి, ఇది దేనికి పూచీ పడుతోంది, దేనికి పడడం లేదు అని అడగండి. తీగల మీది ఈథర్‌నెట్‌కైనా వైఫైకైనా పక్కనున్న పరికరానికి అందించడం వరకే పని. ఐపీ ప్యాకెట్టును, అంటే సమాచారపు చిన్న ముక్కను, గమ్యం వైపు నడిపిస్తుంది, చేరుతుందని మాట మాత్రం ఇవ్వదు. టీసీపీ చేర్చే బాధ్యతను నెత్తిన వేసుకుంటుంది, చేర్చలేకపోతే ఆ మాట దాచకుండా చెబుతుంది. హెచ్‌టీటీపీ, ఎస్ఎంటీపీ వంటివి, చేరిన బైట్లు ఒక పేజీయా, ఒక ఉత్తరమా అన్నది తేలుస్తాయి.

ప్రశ్న: ఫొటోను మొత్తంగా పంపకుండా ముక్కలు చేసి పంపుతారట. ముక్కలు చేయడం, మళ్లీ అతికించడం రెట్టింపు పని కాదా?

జవాబు: పని పెరిగే మాట నిజమే, కానీ దానికి దక్కే ప్రతిఫలం అంతకంటే ఎక్కువ. పాత టెలిఫోను పద్ధతిలో ఇద్దరు మాట్లాడుతున్నంతసేపూ వారి మధ్య దారి వారికే కేటాయించి ఉండేది, వారు మౌనంగా ఉన్నా ఇంకొకరికి దొరికేది కాదు. కంప్యూటర్ల తీరు వేరు. అవి ఒక్క క్షణంలో గుప్పించి, ఆ తర్వాత చాలాసేపు ఊరుకుంటాయి. అమెరికాలో పాల్ బారన్ 1960ల తొలినాళ్లలోనూ, ఆయన కృషి గురించి తెలియకుండానే బ్రిటన్‌లో డోనాల్డ్ డేవిస్ కొన్నేళ్ల తర్వాతా ఒకే పరిష్కారానికి వచ్చారు. సమాచారాన్ని చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా రాసి, అందరి ముక్కలనూ ఒకే దారిలో కలిపి పంపడం వారు సూచించిన మార్గం. బారన్ ఆలోచించినది దాడిలో కొంత భాగం ధ్వంసమైనా మిగతాది పనిచేసే సమాచార వ్యవస్థ గురించి, డేవిస్ ఆలోచించినది ఒకే కంప్యూటరును ఎంతోమంది దూరం నుంచి పంచుకోవడం గురించి. ‘ప్యాకెట్’ అన్న పేరు డేవిస్ పెట్టినదే.

మీరన్న అదనపు భారం ఎంతో లెక్కవేద్దాం. ఈథర్‌నెట్ మీద ఒక్కో ప్యాకెట్టు సాధారణంగా 1,500 బైట్లకు మించదు. అందులో ఐపీ హెడర్‌కు కనీసం 20, టీసీపీ హెడర్‌కు కనీసం 20 పోగా అసలు సరుకుకు 1,460 మిగులుతాయి. 30 లక్షల బైట్ల ఫొటో ఆ ప్రకారం 2,055 ప్యాకెట్లవుతుంది. హెడర్లన్నీ కలిపినా 82,200 బైట్లు, అంటే ఫొటో పరిమాణంలో నూటికి మూడు వంతులు కూడా కాదు. ఒక ప్యాకెట్టు పాడైతే ఆ 1,460 బైట్లు తిరిగి పంపితే సరిపోతుంది. అదే ఫొటో అంతా ఒకే ముద్దగా వెళ్లి ఉంటే, చివరి బైటు చెడినా మొదటి నుంచి పంపవలసి వచ్చేది, పైగా అది కదులుతున్నంతసేపూ వెనక ఉన్నవారంతా ఆగవలసి వచ్చేది.

ప్రశ్న: ఐపీ హామీ ఇవ్వదంటారు. మరి నేను దించుకున్న ఫైలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఎలా వస్తోంది? దారిలో ప్యాకెట్టు పోతే రూటరు మళ్లీ పంపుతుందా?

జవాబు: రూటరు పంపదు. ప్యాకెట్టు అందగానే గమ్యం చిరునామా చూసి, తన పట్టికలో దానికి సరిపోయే దారిని ఎంచుకుని, ఆ దారిలోని తర్వాతి రూటరుకు అప్పగించి, ఇక ఆ ప్యాకెట్టు సంగతి మరిచిపోతుంది. తన దగ్గర వరుస నిండిపోతే కొత్తగా వచ్చినవాటిని నిర్మొహమాటంగా పారేస్తుంది. ప్యాకెట్టులోనే దాని ఆయుష్షు కూడా రాసి ఉంటుంది. ఎనిమిది బిట్లలో పట్టే ఒక అంకెను ప్రతి రూటరూ ఒకటి చొప్పున తగ్గిస్తుంది, అది సున్నాకు చేరితే ప్యాకెట్టు అక్కడితో సరి. దారుల పట్టికల్లో పొరపాటు జరిగి రెండు రూటర్లు ఒకదానికొకటి అప్పగించుకుంటూ పోతే, అవి ఎడతెగకుండా తిరగకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

ఇదంతా నిర్లక్ష్యంలా కనిపించవచ్చు గానీ, మొత్తం నిర్మాణంలో నాకు అన్నింటికంటే తెలివైనదిగా తోచే నిర్ణయం ఇదే. మధ్యలోని వేల రూటర్లకు ఏదీ గుర్తుపెట్టుకునే పని లేదు, గుర్తుపెట్టుకునేవి రెండు చివర్లలోని కంప్యూటర్లు మాత్రమే. ఆ పని చేసేది టీసీపీ.

టీసీపీ సంభాషణ మూడు పలకరింపులతో మొదలవుతుంది. నా బైట్ల లెక్క ఫలానా సంఖ్య నుంచి మొదలవుతుందని మొదటి కంప్యూటరు చెబుతుంది. నీ సంఖ్య అందింది, నా లెక్క ఫలానా చోట మొదలని రెండవది బదులిస్తుంది. నీ సంఖ్యా అందిందని మొదటిది ఖాయం చేస్తుంది. ఆ తర్వాత పంపే ప్రతి బైటుకూ వరుస సంఖ్య ఉంటుంది. లెక్క 1తో మొదలైందనుకుని, 1,460 బైట్ల చొప్పున ఐదు ప్యాకెట్లు పంపామనుకుందాం. వాటి తొలి బైట్ల సంఖ్యలు 1, 1461, 2921, 4381, 5841 అవుతాయి. మొదటిది చేరగానే అవతలి కంప్యూటరు ‘నాకు ఇక 1461 కావాలి’ అంటుంది. రెండవది దారిలో పోయింది. మూడవది చేరింది, అయినా అవతలి నుంచి వచ్చే జవాబు ‘1461 కావాలి’ అనే. నాలుగవదానికీ, ఐదవదానికీ అదే జవాబు. ఒకే మాట అలా మూడుసార్లు మళ్లీ వినబడితే, పంపినవారు జవాబు కోసం పెట్టుకున్న గడువు ముగిసేదాకా ఆగకుండా రెండవ ప్యాకెట్టును తిరిగి పంపుతారు. అది చేరిన వెంటనే, దాచి ఉంచుకున్న మిగతా మూడింటినీ కలుపుకుని ‘7301 కావాలి’ అన్న జవాబు వస్తుంది. అవతలివారు ఏ ప్యాకెట్టు పోయిందో ప్రత్యేకంగా ఫిర్యాదు చేయకుండానే పని జరిగిపోయింది.

పొల్లుపోకుండా అన్న మాటకు ఒక చిన్న సవరణ అవసరం. దారిలో బైట్లు చెడలేదని చూసేందుకు టీసీపీ హెడర్‌లో ఉండే సరిచూపు సంఖ్య పదహారు బిట్లదే, అదీ కూడిక మీద ఆధారపడినది. పదహారు బిట్ల ముక్కలు రెండు పరస్పరం స్థానాలు మారితే మొత్తం మారదు కనుక అది ఆ తప్పును పట్టుకోలేదు. ఈథర్‌నెట్ పొరలో ఇంతకంటే గట్టి తనిఖీ ఉంది గానీ, అది పక్క పరికరం వరకే. పెద్ద ఫైళ్లను అందించేవారు పక్కన హాష్ విలువ (ఫైలులోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టిన గుర్తు సంఖ్య) ఇచ్చినప్పుడు దాన్ని సరిచూసుకోమని చెప్పడం చాదస్తం కాదు.

పంపడంలో పట్టుదల ఎంత అవసరమో, ఎప్పుడు తగ్గాలో తెలియడమూ అంతే అవసరమని 1986 అక్టోబరులో తెలిసివచ్చింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య ఉన్న దూరం 400 గజాలు. ఆ దారిలో సెకనుకు 32,000 బిట్లు నడవవలసిన సమాచారం 40 బిట్లకు పడిపోయింది. వరుసలు నిండి ప్యాకెట్లు పోతుంటే, కంప్యూటర్లన్నీ పోయినవాటిని తిరిగి పంపుతూ వరుసలను మరింత నింపాయి. వాన్ జాకబ్సన్ దీనిని పరిశోధించి 1988లో ప్రచురించిన వ్యాసంలో సూచించిన మార్గం ఏమిటంటే, ప్యాకెట్టు పోవడాన్ని రద్దీకి గుర్తుగా తీసుకుని, పంపేవారే వేగం తగ్గించాలి. ఏ సంభాషణనైనా కొద్ది ప్యాకెట్లతో మొదలుపెట్టి, జవాబులు వస్తున్నకొద్దీ పెంచుకుంటూ పోవాలి. రూటర్లను ముట్టుకోకుండా చివర్లలోని ప్రోగ్రాములను మార్చి ఇంత పెద్ద చిక్కును తీర్చగలిగారు. ఈ నెమ్మది ఆరంభం గురించి చివరి జవాబులో మళ్లీ చెబుతాను.

ప్రశ్న: టీసీపీ ఇంత నమ్మకమైనదైతే యూడీపీ ఎందుకు?

జవాబు: ఆలస్యంగా వచ్చిన నిజం కంటే వేళకు వచ్చిన అసంపూర్ణ సమాచారం పనికొచ్చే సందర్భాలు ఉంటాయి. ఫోనులో మాట్లాడుతున్నప్పుడు ఒక అక్షరం ఎగిరిపోతే చెవి సర్దుకుంటుంది. ఆ అక్షరం కోసం సంభాషణ అంతా ఆపి, అరసెకను తర్వాత దాన్ని వినిపిస్తే మాత్రం మాటలు తొట్రుపడతాయి. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో టీసీపీ, ఐపీ అన్న విభజన లేదు, అన్నీ ఒకే ప్రొటోకాల్ చేసేది. గొంతును ప్యాకెట్లుగా పంపే ప్రయోగాలు చేస్తున్నవారికి ఆ హామీయే అడ్డంకి అయింది. 1978లో దానిని రెండుగా విడదీసి, హామీ కావలసినవారికి టీసీపీ, అక్కరలేనివారికి నేరుగా ఐపీ మీద నడిచే మార్గం ఏర్పరచారు. ఆ రెండవ మార్గమే యూడీపీగా 1980లో నిర్వచనానికి నోచుకుంది. దాని పత్రం మూడు పేజీలు, హెడర్ ఎనిమిది బైట్లు. పంపిన పోర్టు (కంప్యూటరులోని ఏ ప్రోగ్రాముదో తెలిపే సంఖ్య), చేరవలసిన పోర్టు, పొడవు, సరిచూపు సంఖ్య, అంతకుమించి అందులో ఏమీ లేదు.

తమాషా ఏమిటంటే, నలభై ఏళ్ల తర్వాత వెబ్ పేజీలు కూడా ఈ యూడీపీ మీదికే చేరుతున్నాయి. టీసీపీ అన్నీ వరుసలోనే అందిస్తానని పట్టుబడుతుంది కాబట్టి, ఒక పేజీలోని పది బొమ్మలు ఒకే సంభాషణలో వస్తుంటే, ఒక బొమ్మ తాలూకు ప్యాకెట్టు పోయినా మిగతా తొమ్మిదీ దాని కోసం నిలబడతాయి. 2021లో ప్రమాణమైన క్విక్ అనే ప్రొటోకాల్ యూడీపీ మీద నిలబడి, పోయినవాటిని తిరిగి పంపే పనిని తానే చేస్తూ, ఒక్కో బొమ్మకు ఒక్కో విడి వరుస నడుపుతుంది. 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ మూడవ రూపం దీని మీదే నడుస్తుంది. టీసీపీనే సరిచేయవచ్చు కదా అంటే, అది ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ, దారిలోని పరికరాలలోనూ ఎంతగా పాతుకుపోయిందంటే దానిలో కొత్త మార్పు అంతటా చేరడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ప్రశ్న: నా కంప్యూటరు ఐపీ చిరునామా 192.168.1.5 అని చూపిస్తోంది. వేరే దేశంలో ఉన్న మా అన్నయ్య కంప్యూటరుకూ అదే ఉంది. ఇద్దరికీ ఒకే చిరునామా ఉంటే ప్యాకెట్లు తారుమారు కావా?

జవాబు: కావు, ఎందుకంటే ఆ చిరునామా మీ గడప దాటదు. 10తో మొదలయ్యేవీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవీ, 192.168తో మొదలయ్యేవీ ఎవరి ఇంటిలోనైనా ఎవరైనా వాడుకోవడానికి విడిచిపెట్టినవి. బహిరంగ ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు. మీ ప్యాకెట్టు బయటికి వెళ్లేటప్పుడు ఇంటి రూటరు పంపినవారి చిరునామాను చెరిపి తన బహిరంగ చిరునామా రాస్తుంది, ఒక పోర్టు సంఖ్యను కేటాయించి ఆ వివరాన్ని పట్టికలో పెట్టుకుంటుంది. జవాబు ఆ పోర్టుకు వచ్చినప్పుడు పట్టిక చూసి మీకు అందిస్తుంది. ఇంట్లో ఐదుగురు ఒకే సైటును చూస్తున్నా, పోర్టులు వేరు కాబట్టి ఎవరి పేజీ వారికే వస్తుంది. కొన్ని సంస్థల కనెక్షన్లలో ఈ మార్పిడి ఇంటి దగ్గర ఒకసారి, సంస్థ దగ్గర మరోసారి జరుగుతుంది.

ఈ తంతు అంతా చిరునామాల కొరత వల్ల వచ్చింది. ఐపీ నాలుగవ రూపంలో చిరునామాకు 32 బిట్లు, అంటే మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ప్రపంచస్థాయి నిల్వలోని చివరి వాటాలు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. ఆరవ రూపంలో చిరునామాకు 128 బిట్లు ఉంటాయి, వాటి మొత్తం 39 అంకెల సంఖ్య. అది 1990లలోనే సిద్ధమైనా వ్యాప్తి నెమ్మదిగా సాగడానికి, ఈ చిరునామా మార్పిడి అనే సర్దుబాటు అనుకున్నదానికంటే బాగా పనిచేయడమే ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. దాని వల్ల నష్టమూ ఉంది. మీరు ముందు పలకరించనిదే బయటివారు మీ కంప్యూటరును పలకరించలేరు, అందుకే ఇంటి నుంచి గేమ్ సర్వరు నడపాలనుకునేవారు రూటరులో పోర్టును ప్రత్యేకంగా తెరవవలసి వస్తుంది.

ప్రశ్న: ఒక్కోసారి చాట్ యాప్‌లో సందేశాలు వస్తుంటాయి గానీ బ్రౌజరులో ఏ సైటూ తెరుచుకోదు. ఇంటర్నెట్ ఉన్నట్టా, లేనట్టా?

జవాబు: ఉన్నట్టే, పేర్లు మాత్రం తెలియడం లేదు. మనం టైపు చేసే సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే పని డీఎన్ఎస్‌ది. చాట్ యాప్ ముందే కలుపుకున్న సంభాషణను కొనసాగిస్తోంది కాబట్టి దానికి కొత్తగా పేరు అడిగే అవసరం రాలేదు. బ్రౌజరుకు వచ్చింది. ఒక సర్వరు అంకెల చిరునామాకు పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న పలకరింపు) పంపితే జవాబు వచ్చి, అదే సర్వరు పేరుకు పంపితే రాకపోతే తప్పు డీఎన్ఎస్ దగ్గరే. ఒకసారి నేను అరపూట కేబుళ్లు పీకి, పెట్టి, రూటరును తిట్టుకున్న తర్వాత, డీఎన్ఎస్ సర్వరు చిరునామాలో ఒక అంకెను నేనే తప్పుగా కొట్టానని గమనించాను. అప్పటి నుంచి ముందు ఇక్కడే చూస్తాను.

తొలి రోజుల్లో కంప్యూటర్ల పేర్లూ చిరునామాలూ ఒకే ఫైలులో ఉండేవి. దానిని ఒక పరిశోధన సంస్థ నిర్వహిస్తుంటే, మిగతావారంతా ఎప్పటికప్పుడు నకలు దించుకునేవారు. పేర్లు పెరిగేకొద్దీ అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్ఎస్‌లో ఎవరి పేర్లకు వారే పూచీ. మూల సర్వరును అడిగితే అది ‘చివరి భాగాన్ని చూసేవారు ఫలానా చోట ఉన్నారు’ అని చెబుతుంది, వారు తర్వాతి భాగాన్ని చూసేవారిని చూపిస్తారు, చివరికి ఆ సైటు యజమాని సర్వరు అసలు చిరునామా ఇస్తుంది. ప్రతిసారీ ఇంత దూరం తిరగకుండా జవాబును కొంతకాలం దాచుకుంటారు. ఎంతకాలం దాచవచ్చో జవాబులోనే రాసి ఉంటుంది. సైటును కొత్త సర్వరుకు మార్చినప్పుడు కొందరికి కొత్తదీ, కొందరికి పాతదీ కనబడడం ఇలా దాచుకోవడం వల్లనే.

పింగ్ గురించి ఒక హెచ్చరిక. చాలా సర్వర్లు భద్రత కోసం పింగ్‌కు జవాబు ఇవ్వవు. జవాబు వస్తే దారి ఉందని నిశ్చయంగా అనవచ్చు గానీ, రాకపోతే దారి లేదని అనకూడదు.

ప్రశ్న: చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే ఆ సైటును నమ్మవచ్చా?

జవాబు: ఆ గుర్తు దారికి సంబంధించినది, అవతలి మనిషికి సంబంధించినది కాదు. టీఎల్ఎస్ అనే ప్రొటోకాల్ రెండింటికి పూచీ పడుతుంది: మీరు టైపు చేసిన డొమైన్‌తోనే (సైటు పేరుతోనే) మాట్లాడుతున్నారు, మధ్యలో ఎవరూ మీ మాటలు చదవలేరు, మార్చలేరు. మోసగాడు కూడా తన డొమైన్‌కు, ఆ పేరు తనదేనని తెలిపే సర్టిఫికెట్ తీసుకోవచ్చు, అప్పుడు మీ పాస్‌వర్డ్ ఎవరి కంటా పడకుండా భద్రంగా అతనికే చేరుతుంది. అందువల్ల తాళం చూడడంతో ఆగకుండా పేరులోని అక్షరాలను ఒక్కొక్కటిగా చూడాలి. దారిలో ఉన్నవారికి మీరు ఏ పేజీ చదివారో, ఏం రాశారో తెలియదు గానీ, ఏ సర్వరుతో ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడారో తెలుస్తుంది, చాలా సందర్భాల్లో సైటు పేరు కూడా తెలుస్తుంది.

పాత ప్రొటోకాళ్లలో ఇలాంటి కప్పు ఏదీ ఉండేది కాదు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ తొలి రూపాన్ని 1971లో అభయ్ భూషణ్ రాశారు. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది పరిశోధకుల లోకం అది, పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా తీగ మీద వెళ్లినా ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. నేడు కూడా సాదా ఎఫ్‌టీపీ అలాగే పంపుతుంది. ఫిన్‌లాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను దొంగచాటుగా సేకరించిన ఘటన తర్వాత, అక్కడి టాటు యులోనెన్ 1995లో, దూరపు కంప్యూటరుతో ఎవరూ చదవలేని విధంగా మాట్లాడే ఎస్ఎస్‌హెచ్ తయారుచేశారు. ఫైళ్లు పంపాలంటే దాని మీద నడిచే ఎస్ఎఫ్‌టీపీని వాడండి, పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేర్వేరు ప్రొటోకాళ్లు.

ప్రశ్న: మెయిల్ ‘వెళ్లింది’ అని చూపించిన రెండు రోజుల తర్వాత ‘అందలేదు’ అని తిరిగి వచ్చింది. ఇదెలా?

జవాబు: వెళ్లిందంటే మీ మెయిల్ సర్వరు తీసుకుందని మాత్రమే అర్థం. ఎస్ఎంటీపీలో ఒక సర్వరు మరో సర్వరుకు ఉత్తరాన్ని అప్పగిస్తుంది. అవతలిది అందుబాటులో లేకపోతే దాచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. నాలుగైదు రోజులు ప్రయత్నించిన తర్వాతే వదిలేయడం మంచిదని ప్రమాణ పత్రం సూచిస్తుంది గానీ, మీ సర్వరు రెండు రోజులకే చేతులెత్తేసినట్టుంది.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్నా ఫైళ్లు సెకనుకు 12 ఎంబీ చొప్పునే వస్తున్నాయి. మోసమా?

జవాబు: మోసం లేదు. మొదటిది మెగాబిట్లు, రెండవది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 12.5 వస్తుంది, హెడర్లకు పోయేది పోగా మీకు దాదాపు పూర్తిగా అందుతున్నట్టే.

ప్రశ్న: కనెక్షన్‌ను 100 నుంచి 200 ఎంబీపీఎస్‌కు మార్చుకున్నాను. దూరదేశాల సైట్లు మునుపటిలాగే నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: లోపం ఎక్కడా లేకపోవచ్చు. మీరు వెడల్పు పెంచుకున్నారు, దూరం తగ్గలేదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వరు 10,000 కిలోమీటర్ల తీగ దూరంలో ఉంటే వెళ్లడానికి 50 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి 50, వెరసి ఒక రాకపోకకు 100 మిల్లీసెకన్లు. మధ్యలో రూటర్ల దగ్గర ఆగే సమయాన్ని ఇందులో లెక్కించలేదు.

ముందు చెప్పిన 2,055 ప్యాకెట్ల ఫొటోనే తీసుకుందాం. టీసీపీ పలకరింపుకు ఒక రాకపోక. 2018లో ప్రమాణమైన టీఎల్ఎస్ 1.3లో తాళం వేసుకోవడానికి ఇంకొక రాకపోక, అంతకుముందు రూపమైతే రెండు. ఆ తర్వాత నెమ్మది ఆరంభం. నేటి సర్వర్లు సాధారణంగా మొదట 10 ప్యాకెట్లు పంపి ఆగుతాయి. జవాబు వచ్చాక 20, తర్వాత 40, 80, 160, 320, 640 ఇలా రెట్టింపు చేస్తూ పోతాయి. ఏడు విడతలకు మొత్తం 1,270 ప్యాకెట్లే వెళ్లాయి, మిగతావి ఎనిమిదవ విడతలో వస్తాయి. అంతా కలిపి పది రాకపోకలు, సుమారు ఒక సెకను. ఆ ఫొటోలోని 2 కోట్ల 40 లక్షల బిట్లను 100 ఎంబీపీఎస్ తీగలో ఆగకుండా పోస్తే 0.24 సెకను చాలు, 200లో 0.12 సెకను. మీరు డబ్బు పెట్టి తగ్గించుకున్నది ఈ రెండో లెక్కను, మీకు విసుగు పుట్టిస్తున్నది మొదటి లెక్క.

ఒకే సంభాషణలో గంటసేపు సాగే పెద్ద ఫైలుకైతే ఈ ఆరంభపు ఆలస్యం లెక్కలోకి రాదు, అక్కడ మీ 200 ఎంబీపీఎస్ ఫలితం కనబడుతుంది. పేజీల విషయంలో చేయగలిగినదంతా సైటు నడిపేవారి చేతిలో ఉంది. తమ బొమ్మల నకళ్లను చదివేవారికి దగ్గరలోని సర్వర్లలో ఉంచడం, తెరిచిన సంభాషణను వెంటనే మూయకుండా మళ్లీ వాడుకోవడం, పలకరింపునూ తాళాన్నీ ఒకే రాకపోకలో ముగించే క్విక్‌కు మారడం వారు చేయవలసిన పనులు. మీ వైపు నుంచి ఒకటి చేసి చూడండి. ఆ సైటు పింగ్‌కు జవాబిస్తే మిల్లీసెకన్ల అంకెను రాసుకోండి. తక్కువ రద్దీ ఉండే వేళల్లో కూడా అది 100 దాటి ఉంటే కారణం దూరం. రాత్రి 200, తెల్లవారుజామున 40 చూపిస్తుంటే దారిలో ఎక్కడో వరుస నిండుతోంది, ఆ సంగతి కనెక్షన్ ఇచ్చినవారిని అడగవలసినదే.